పట్టు గలేబు నుంచి పట్టు బొంత దాకా: ఇంట్లోనే ఉతుక్కునే పద్ధతి

పట్టు అంటే మన ఇళ్లల్లో బీరువా సొత్తు. పెళ్లికో, బోనాలకో, బతుకమ్మకో బయటికి తీస్తాం, కట్టుకుంటాం, నీడన గాలికి ఆరేసి మళ్లీ మడిచి పెడతాం. పట్టుకు మైల అంటదని పెద్దవాళ్లు అనేవాళ్లు. ఏడాదికి రెండుసార్లు కట్టే చీరకు ఆ పద్ధతి సరిపోయింది. రోజూ ఏడెనిమిది గంటలు తల కింద నలిగే మెత్త గలేబుకు మాత్రం సరిపోదు.

ఇది నాకు ఒక గలేబు పోయాకే తెలిసింది. మూడేళ్ల కింద మా అక్క బిడ్డ బెంగళూరు నుంచి రెండు తెల్ల పట్టు గలేబులు తెచ్చి ఇచ్చింది. ఒకటి వాడుతూ, ఉతికితే ఎక్కడ పాడైపోతుందోనని నెలన్నర నీళ్లు తగలనివ్వలేదు. కొబ్బరినూనె, చెమట కలిసి తల ఆనే చోట కోడిగుడ్డు ఆకారంలో పచ్చటి మరక దిగింది. హన్మకొండలో ఒక డ్రై క్లీనింగ్ షాపుకు ఇస్తే మందు వాసనతో తిరిగొచ్చింది, మరక మాత్రం అట్లనే ఉంది. వెలుతురుకు ఎత్తి చూస్తే ఆ మరక ఉన్న మేరకే నేత పలచబడి, వేలి కొస ఆనిస్తే పోగులు జరిగిపోతున్నాయి. నీళ్లు దాన్ని ఏమీ చేయలేదు, ఉతక్కుండా వదిలేసిన చెమటే తిన్నది. రెండో గలేబును మొదటి వారం నుంచే ఇంట్లో ఉతుకుతున్నాను. అది ఇప్పటికీ నా మంచం మీదే ఉంది.

అందుకే ముందు లెక్క చెప్తాను. గలేబు వారానికోసారి, దుప్పటి పది పదిహేను రోజులకోసారి, కళ్లకు కట్టుకునే పట్టీ వారానికోసారి, స్కార్ఫులు నాలుగైదుసార్లు వాడాక. ఎండాకాలంలో గలేబుకు వారం కూడా ఎక్కువే, నాలుగు రోజులకే తీసేయండి. మూడు గలేబులుంటే ఒకదాని మీదే భారం పడదు.

పట్టుకు ఏది పడదు, ఎందుకు

నూలు చెట్టు నుంచి వచ్చింది. పట్టు పురుగు నోటి నుంచి వచ్చింది, మన వెంట్రుక లాగే అది ప్రోటీన్. ఈ ఒక్క సంగతి గుర్తుంటే మిగతా నియమాలు కంఠతా పట్టక్కర్లేదు. బట్టల సోడా, నీలం సబ్బు క్షార గుణంతో పట్టును గరుకు చేస్తాయి. బ్లీచ్ తెల్ల పట్టును ఇంకా తెల్లగా చేయదు, పచ్చబరుస్తుంది, ఎక్కువైతే పోగునే కరిగిస్తుంది. చాలా డిటర్జెంట్ పౌడర్లలో పాలు, రక్తం, గుడ్డు మరకలు పోవడానికి ఎంజైములు వేస్తారు. అవి ప్రోటీన్‌ను ముక్కలు చేసేవే. వాటికి పాల మరకేదో, పట్టేదో తెలియదు. ప్యాకెట్ వెనక ఎంజైమ్ అనో, ప్రొటీయేజ్ అనో కనిపిస్తే దాన్ని నూలు బట్టలకే ఉంచండి.

ఇంకో సంగతి, తడిసినప్పుడు పట్టు బలం దాదాపు ఐదో వంతు తగ్గుతుంది. పొడిగా ఉన్నప్పుడు తాడులా గుంజినా తెగని గుడ్డ, తడిలో మెలిపెడితే చిట్లుతుంది. వరంగల్ కొత్తవాడలో నేసే దర్రీని బండకేసి బాదినట్టు పట్టును బాదకూడదు, రుద్దకూడదు, పిండకూడదు.

ముందు అది పట్టేనా అని చూసుకోండి

శాటిన్ అనేది నేత పేరు, పోగు పేరు కాదు. పాలిస్టర్‌తోనూ శాటిన్ నేస్తారు, బజారులో సిల్క్ శాటిన్ అని అమ్మేదాంట్లో చాలా వరకు అదే. లోపలి కుట్టు దగ్గర ఒక పోగు లాగి, పట్టకారుతో పట్టుకొని, స్టీలు పళ్లెం మీద వెలిగించండి. అసలు పట్టు వెంట్రుక కాలిన వాసన వేస్తుంది, మంట తీయగానే ఆరిపోతుంది, మిగిలిన నల్ల గుండును వేళ్లతో నలిపితే పొడి అవుతుంది. పాలిస్టర్ కరిగి గట్టి పూసలా మారుతుంది, నలగదు. కాగితం కాలిన వాసన వస్తే అది రేయాన్. పాలిస్టర్ అని తేలితే బాధపడకండి, మామూలుగా మెషిన్‌లో వేసుకోండి, ఈ జాగ్రత్తలేవీ దానికి అక్కర్లేదు.

కొనేటప్పుడు మామీ అనే మాట వినిపిస్తుంది, అది పట్టు బరువు లెక్క. ఒక మామీ అంటే చదరపు మీటరుకు సుమారు 4.34 గ్రాములు. గలేబుకు 19 తక్కువ కాకుండా, వీలైతే 22 తీసుకోండి. అంతకన్నా పలచనిది వారం వారం ఉతుకుడుకు ఆగదు.

నీళ్ల సంగతి

నన్నడిగితే సగం పని నీళ్లలోనే ఉంది. మన దగ్గర చాలా ఇళ్లల్లో బోరు నీళ్లు సబ్బుకు నురగ రానివ్వవు. ఆ నీళ్లలోని సున్నం సబ్బుతో కలిసి పెరుగు తరకల్లా విరుగుతుంది. ఆ తరకలు పట్టు మీద కూర్చుంటే ఎన్నిసార్లు ఉతికినా మెరుపు రాదు, గుడ్డ అట్టలా తయారవుతుంది. ఒక సీసాలో సగం నీళ్లు పోసి, ఒంటి సబ్బు తురుము చిటికెడు వేసి ఊపి చూడండి. నురగ నిలిస్తే మంచి నీళ్లు, తెల్ల తరకలు తేలితే కాదు. నల్లా నీళ్లు వచ్చే రోజే పట్టు ఉతుక్కోండి, లేదంటే వానాకాలంలో డాబా మీద పట్టిన వాన నీళ్లు వాడండి. బోరు తప్ప వేరే దారి లేకపోతే కనీసం చివరి జాడింపుకు ఫిల్టర్ నీళ్లు ఒక బకెట్ వాడండి. ఆర్‌వో మెషిన్ బయటికి వదిలే నీళ్లు మాత్రం వద్దు, వాటిలో ఉప్పు ఇంకా ఎక్కువ.

వేడి కూడా చూసుకోవాలి. 30 డిగ్రీలు దాటకుండా ఉంటే మంచిది. మే నెలలో మధ్యాహ్నం డాబా మీది ట్యాంకు నీళ్లు చెయ్యి పెట్టనివ్వవు, ఆ నీళ్లతో పట్టు ఉతికితే రంగు దిగుతుంది, మెరుపు పోతుంది. ఎండాకాలం ఈ పని తెల్లవారుజామున పెట్టుకోండి. చలికాలంలో లెక్క తిరగబడుతుంది. కొబ్బరినూనె 24 డిగ్రీల కింద పేరుకుంటుందని మీకు తెలిసిందే, డిసెంబరు పొద్దున సీసాలో గడ్డకట్టేది అందుకే. చన్నీళ్లలో వేస్తే గలేబు మీది నూనె కూడా అట్లనే పోగుల్లో గడ్డకట్టి కూర్చుంటుంది. అప్పుడు ఒక చెంబు వేడినీళ్లు కలిపి చలి విరగ్గొట్టండి. మోచెయ్యి ముంచితే వేడీ అనిపించకూడదు, చల్లగానూ అనిపించకూడదు.

ఉతకడానికి ఏది వాడాలి

ఉన్ని బట్టలకని అమ్మే సోడా లేని లిక్విడ్ మంచిది. అది లేనప్పుడు పిల్లలకు వాడే షాంపూ. నాలుగైదు లీటర్ల నీళ్లకు ఒక చెంచా చాలు, ఎక్కువ వేస్తే జాడించలేక మనమే అలసిపోతాం.

కుంకుడుకాయ మన పాత పద్ధతి, ఇప్పటికీ నమ్మదగ్గదే. దాని నురగకు క్షార గుణం లేదు. ఏడెనిమిది కాయలు కొట్టి గింజలు తీసేసి, లీటరు గోరువెచ్చటి నీళ్లలో రాత్రంతా నానబెట్టండి. పొద్దున పిసికి, పలుచటి గుడ్డలో రెండుసార్లు వడగట్టండి, తొక్క ముక్క ఒక్కటి మిగిలినా పట్టు మీద గోధుమరంగు చుక్క వేస్తుంది. ముదురు రంగులకు, టస్సర్ అనే అడవి పట్టుకు కుంకుడు రసం చాలా బాగుంటుంది. తెల్ల పట్టుకు మాత్రం వద్దు, నాలుగు ఉతుకులకే పాత కాగితం రంగుకు తిరుగుతుంది.

మరకలు

మరకను ఉతకడానికి ముందే చూడాలి. తడిపాక చూస్తే ఏది మరకో ఏది తడో తేలదు.

నూనె: పొడి గుడ్డ మీదే టాల్కమ్ పౌడరో కార్న్‌ఫ్లోరో మందంగా చల్లి మూడు నాలుగు గంటలు వదిలేయండి. నూనె పొడిలోకి ఎక్కుతుంది. మెత్తటి బ్రష్‌తో దులిపి, ఉతికే లిక్విడ్ ఒక చుక్క వేలితో అద్ది, ఐదు నిమిషాలాగి ఉతకండి. రుద్దారంటే మరక పోయినా అక్కడ పోగులు లేచి తెల్లటి మచ్చ నిలిచిపోతుంది, ఆ మచ్చ ఏం చేసినా పోదు.

రక్తం, చంటిపిల్ల కక్కిన పాలు: చల్లని నీళ్లే. వేడినీళ్లు పోస్తే అక్కడే ఉడికి పట్టుకుంటాయి.

పసుపు: సబ్బు తగలగానే ఎర్రబడితే కంగారు పడకండి, అది పసుపు గుణం. వెనిగర్ నీళ్లలో ముంచితే మళ్లీ పచ్చబడుతుంది. ఉతికాక ఇంకా లేతగా మిగిలితే, తడి మీద పొద్దున్నే లేత ఎండలో పది నిమిషాలు ఆరేయండి. వెలుతురుకు పసుపు వెలిసిపోతుంది. పట్టును ఎండలో పెట్టమని నేను చెప్పేది ఈ ఒక్క చోటే.

గునుగు పూల రంగు: బతుకమ్మ పేర్చేటప్పుడు గునుగును రంగు నీళ్లలో ముంచుతాం కదా, ఆ తడి చేతులు పట్టు చున్నీకి తగలని ఇల్లుండదు. హన్మకొండ పద్మాక్షి గుట్ట దగ్గర బతుకమ్మ ఆడి ఇంటికొచ్చాక చూసుకునే సరికి ఆలస్యమైపోతుంది. చూసిన వెంటనే, ఆరకముందే, మరక వెనకవైపు నుంచి చల్లటి నీళ్లు ధారగా పోయండి. దీనికి వెనిగర్ అసలు వాడొద్దు. పట్టుకు రంగు ఎక్కడానికి అద్దకంవాళ్లు రంగునీళ్లలో ఆమ్లమే కలుపుతారు. మనం వెనిగర్ పోస్తే మరకకు అద్దకం వేసినట్టే.

మైదాకు, జుట్టుకు వేసే రంగు: పోవు. మైదాకు ఎరుపు చర్మంలోని, గోళ్లలోని ప్రోటీన్‌ను పట్టుకునే పండుతుంది, పట్టును కూడా అదే విధంగా పట్టుకుంటుంది. ఆషాఢంలో మైదాకు పెట్టుకున్న రాత్రి, తలకు రంగు వేసుకున్న రాత్రి నూలు గలేబు వేసుకొని పడుకోండి.

ఇక ఉతుకుడు

మొదటిసారి ఉతుకుతుంటే రంగు దిగుతుందేమో చూడండి. తెల్లటి నూలు గుడ్డ తడిపి లోపలి అంచు మీద నిమిషం సేపు అదిమి పట్టండి. గుడ్డకు రంగు అంటితే దాన్ని విడిగా, చల్లటి నీళ్లలో, రెండు నిమిషాల్లో కానిచ్చేయాలి. పోచంపల్లి పట్టు చున్నీకి ఒక్కో రంగు దగ్గర విడివిడిగా చూడాలి, ఎరుపు దిగి పక్కన తెలుపులోకి పాకితే అందం మొత్తం పోతుంది. ఉప్పు నీళ్లలో నానబెడితే రంగు నిలుస్తుందని చాలామంది చెప్తారు. నిలవదు. దిగే రంగు దిగుతూనే ఉంటుంది.

గలేబును తిరగేయండి. వెడల్పాటి ప్లాస్టిక్ టబ్బు తీసుకోండి, అంచు పగిలినదైతే పోగు తగులుకుంటుంది. చేతి ఉంగరాలు, గాజులు తీసి పక్కన పెట్టండి. నీళ్లలో లిక్విడ్ బాగా కలిపాకే గుడ్డ వేయాలి, గుడ్డ మీద లిక్విడ్ పోయకూడదు. గుడ్డను ముంచి, అరచేతులతో కిందికి అదిమి, వదలండి. నీళ్లు గుడ్డలోంచి బయటికి, మళ్లీ లోపలికి వెళ్తుంటే చాలు, మురికి దానంతటదే దిగుతుంది. వారం వాడిన తెల్ల గలేబును ఇట్ల పది పదిహేనుసార్లు అదిమితే నీళ్లు పలుచటి టీ రంగుకు తిరగడం కళ్లారా చూస్తారు. మొత్తం ఐదు నిమిషాలు. నానబెట్టడం అనేది పట్టుకు లేదు.

ఆ నీళ్లు వంపేసి, మంచి నీళ్లలో రెండుసార్లు జాడించండి. మూడోసారికి నాలుగు లీటర్లకు ఒక పెద్ద చెంచా తెల్ల వెనిగర్ వేసి ఒక నిమిషం ఉంచండి. మిగిలిన సబ్బు, సున్నం విరిగిపోతాయి. పట్టు చీర నడుస్తుంటే గరగరలాడుతుందే, ఆ గరగర పట్టుకు ఆమ్లం తగిలితే వచ్చే గుణం. ఎన్నో ఉతుకుల తర్వాత మూగబోయిన పట్టును వెనిగర్ నీళ్లలోంచి తీసి ఆరబెట్టి, రెండు వేళ్ల మధ్య నలిపి వినండి, మళ్లీ పలుకుతుంది. ఆ తర్వాత ఒట్టి నీళ్లలో ఒకసారి ముంచి తీస్తే వాసన కూడా ఉండదు. జరీ ఉన్నవాటికి మాత్రం వెనిగర్ వద్దు. జరీలో రాగి తీగ ఉంటే పులుపు తగిలి నల్లబడుతుంది.

నీళ్లలోంచి తీసేటప్పుడు ఒక కొసన పట్టి లేపకండి, బరువంతా ఆ కొస మీద పడుతుంది. రెండు చేతులతో కుప్పగా ఎత్తి, పరిచిన పొడి తువ్వాల మీద వేసి, తువ్వాలతో సహా చాపలా చుట్టండి. చుట్టిన దాన్ని అరచేతులతో అదమండి. విప్పి చూస్తే తువ్వాల బరువెక్కి ఉంటుంది, గలేబు సగం ఆరి ఉంటుంది.

మెషిన్ గురించి అడుగుతారని తెలుసు. గలేబు, దుప్పటి వరకు వేయొచ్చు. జాలీ సంచిలో పెట్టి, డెలికేట్ మీద, నీళ్ల వేడి ఆపేసి, స్పిన్ అన్నిటికన్నా తక్కువ పెట్టండి. జీన్సులు, జిప్పులు, హుక్కులు ఉన్నవి పక్కన ఉండకూడదు. డ్రయర్ వద్దు. స్కార్ఫులు, కండువాలు, టస్సర్ నేనైతే మెషిన్ దగ్గరికి కూడా తీసుకుపోను.

ఆరబెట్టడం, ఇస్త్రీ

నీడనే, తిరగేసే. మన ఎండకు రెండు మధ్యాహ్నాలు చాలు, తెల్ల పట్టు పచ్చబడటానికి, రంగు పట్టు వెలవెలబోవడానికి. ఇనుప తీగ దండెమైతే దాని మీద ముందు ఒక నూలు గుడ్డ వేయండి, తుప్పు మరక పట్టును వదలదు. క్లిప్పులు పెట్టకండి. ముసురు పట్టిన రోజుల్లో ఇంట్లో ఫ్యాను కింద ఆరేస్తే రెండు మూడు గంటల్లో ఆరుతుంది.

పూర్తిగా ఆరకముందే, చేతికి చల్లగా తగులుతున్నప్పుడే ఇస్త్రీ చేయాలి. లోపలివైపు, సిల్క్ గుర్తు మీద, పైన పలుచటి నూలు గుడ్డ వేసి. ఎండిపోయిందని నీళ్లు చిలకరించకండి, చుక్కలు పడ్డచోటల్లా మచ్చలు తేలతాయి. తడి తువ్వాలలో చుట్టి పావుగంట ఉంచితే సమంగా చెమ్మగిల్లుతుంది. బొగ్గుల ఇస్త్రీపెట్టెకు పట్టు ఇవ్వకండి, దాని వేడి ఇస్త్రీ చేసేవాళ్ల చేతిలో కూడా ఉండదు.

స్కార్ఫులు, కండువాలు, చిన్నాచితకా

జుట్టు బ్యాండ్లు, కళ్ల పట్టీలు గలేబుతో పాటే ఉతకొచ్చు, రబ్బరు ఉన్నచోట లాగకుండా. సెంటు ఎప్పుడూ పట్టు మీద కొట్టుకోవద్దు, ఒంటికి రాసుకొని ఆరాక స్కార్ఫు వేసుకోండి. బరువైన జరీ అంచున్న పెళ్లి కండువా మాత్రం ఇంట్లో ప్రయత్నించవద్దు, నమ్మకమైన చోట ఇచ్చేయండి.

టస్సర్ సంగతి వేరు. మహాదేవపూర్, చెన్నూరు వైపు అడవుల్లో మద్ది చెట్ల ఆకు తినే పురుగు గూళ్ల నుంచి తీసే పట్టు ఇది. ఆ తేనె రంగు అద్దకం కాదు, పోగుదే, కాబట్టి అద్దని టస్సర్ రంగు దిగదు. కానీ ఒక్క నీటిచుక్క పడినా చుట్టూ గీత కట్టి మచ్చ నిలుస్తుంది. మచ్చ పడితే అక్కడే తుడవకండి, గుడ్డ మొత్తం ఒకేసారి నీళ్లలో ముంచి, సమంగా ఆరబెట్టండి, గీత కలిసిపోతుంది.

దాచడం

ఉతకకుండా దాచొద్దు. పురుగు ముందు పట్టేది చెమట, నూనె ఉన్న చోటే. ప్లాస్టిక్ కవర్లలో పెట్టకండి, వానాకాలం చెమ్మ లోపలే ఉండి బూజు పడుతుంది. పాత మల్లు పంచె ముక్కలో చుట్టండి. ఎండిన వేపాకు, లవంగాలు చిన్న గుడ్డ మూటలో కట్టి మూలన పెట్టుకోవచ్చు. కలరా ఉండలు పట్టుకు తగలకూడదు, జరీకి అసలే తగలకూడదు. చంటిపిల్లలున్న ఇంట్లో ఆ ఉండలే వద్దు. జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం పుట్టుకతో ఉన్న పిల్లలకు, ఆ ఉండల మధ్య దాచిన బట్టలు చుట్టినా ఎర్ర రక్తకణాలు చిట్లి కామెర్లు ముదిరే ప్రమాదముంది. ఆ లోపం ఉందో లేదో చాలా ఇళ్లల్లో ముందుగా తెలియదు. మూడు నెలలకోసారి బయటికి తీసి మడత మార్చండి, ఒకే మడత మీద ఏళ్లు గడిస్తే అక్కడే చీలుతుంది.

పట్టు బొంత

పట్టు దూది నింపిన రజాయిని ఉతకకూడదు. దానికి నూలు కవరు తొడిగి కవరును మాత్రం ఉతకండి, రజాయిని నెలకోసారి నీడన గాలికి వేయండి.

అమ్మమ్మల పాత పట్టు చీరలతో కుట్టిన బొంతలు ఇంకా చాలా ఇళ్లల్లో ఉన్నాయి. పైన పట్టు, లోపల నాలుగైదు పొరలు నూలు చీరలు. తడిస్తే నూలు నీళ్లు తాగి బొంత మనిషంత బరువవుతుంది, ఆ బరువు పైనున్న పాత పట్టు మీద పడి చిరుగుతుంది. అందుకని ఏడాదికి ఒక్కసారే ఉతకండి, ఎండ ముదరకముందు, ఫిబ్రవరిలో. సిమెంటు తొట్టి గరుకు, పెద్ద ప్లాస్టిక్ టబ్బే వాడండి. ఇద్దరు కావాలి. కుంకుడు రసం నీళ్లలో పరిచినట్టు వేసి, అంచు నుంచి నడుమకు అరచేతులతో అదుముతూ రండి. నీళ్లు మార్చేటప్పుడు బొంతను ఎత్తకండి, టబ్బును వంచి నీళ్లు పోనివ్వండి. జాడించాక ఇద్దరూ కింద చేతులు వేసి, నులక మంచం మీదికి మార్చి పరవండి. నులక సందుల్లోంచి నీళ్లు కారిపోతాయి, కింది నుంచీ గాలి ఆడుతుంది. మంచం వేపచెట్టు నీడలో ఉంచి, పైన ఒక పాత చీర కప్పండి, ఆకులు, పిట్టల రెట్టలు పడకుండా. సాయంత్రం ఇద్దరూ పట్టుకొని ఒకసారి తిరగేయండి. రాత్రికి మంచు పడేలా ఉంటే మంచాన్ని వరండాలోకి లాక్కోండి. మర్నాడు మధ్యాహ్నానికి పై పొర ఆరినట్టే ఉంటుంది, కానీ కుట్ల దగ్గర చెయ్యి పెట్టి అదిమి చూడండి. చల్లగా తగిలితే లోపలి నూలు ఇంకా తడిగానే ఉంది, ఇంకో పూట ఉంచండి.